ఆ మీట నొక్కే చెయ్యి ఎవరిది?

పాలమూరు అనగానే ఒకప్పుడు కరువు, వలసలు గుర్తొచ్చేవి. 2016 అక్టోబరులో ఆ పెద్ద జిల్లా విడిపోయి వనపర్తి, నాగర్‌కర్నూల్, జోగులాంబ గద్వాల జిల్లాలు వేరుగా ఏర్పడ్డాయి. 2022 నవంబరులో వనపర్తిలో, నాగర్‌కర్నూల్‌లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. 2024లో గద్వాలకూ ఒకటి వచ్చింది. అంతకుముందు ఏ పెద్ద ఆపరేషన్ అవసరమైనా గద్వాల వైపు వాళ్ళు కర్నూలు పెద్దాసుపత్రికి, మిగతావాళ్ళు మహబూబ్‌నగర్‌కో, హైదరాబాదుకో పరుగెత్తాల్సి వచ్చేది. దారి ఖర్చులకు అప్పు చేసి, పిల్లల్ని పక్కింట్లో వదిలి, చంటిబిడ్డను చంకనేసుకుని బస్సెక్కిన తల్లులకు ఈ మార్పు ఎంత పెద్దదో వేరే చెప్పనక్కర్లేదు.

కాలేజీ వచ్చిందంటే దానికో బోధనాసుపత్రి ఉంటుంది. ఆసుపత్రి అంటే ఆపరేషన్ థియేటర్లు, వాటి నిండా యంత్రాలు. యంత్రం వచ్చినప్పుడు మన పేపర్లు, నాయకులు, మనం కూడా రెండే ప్రశ్నలు వేస్తాం. వచ్చిందా? ఎన్ని లక్షలు? మూడో ప్రశ్న ఒకటుంది. అది ఎవరూ వేయరు. ఆ యంత్రాన్ని వాడే మనిషికి అది అర్థమయ్యేటట్టు తయారు చేశారా?

ఇది ఇంజనీర్లు చూసుకునే సంగతి, మహిళల పేజీలో దీనికేం పని అనిపించవచ్చు. ఆపరేషన్ బల్ల మీద పడుకుంటున్నది ఎవరో ఒకసారి చూద్దాం. 2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు ఆపరేషన్‌తోనే జరిగాయి. ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 81.5 శాతం, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5 శాతం. దేశం మొత్తం మీద చూస్తే ఇది 21.5 శాతమే. దీనికి తోడు పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ ఉంది. మన రాష్ట్రంలో పెళ్ళయిన ప్రతి పదిమంది స్త్రీలలో సుమారు ఆరుగురు ఆ ఆపరేషన్ చేయించుకున్నవారే. మగవాళ్ళ సంఖ్య వేళ్ళ మీద లెక్కపెట్టేంత. అంటే బల్ల మీద పడుకునేది ఎక్కువగా ఆడది. పక్కన నిలబడి యంత్రాన్ని చూసుకునే నర్సు కూడా ఎక్కువగా ఆడదే. ఇద్దరి మధ్యా ఉండే ఆ యంత్రం గురించి మనం మాట్లాడకపోతే ఎవరు మాట్లాడతారు?

యంత్రానికీ ముఖం ఉంటుంది

యంత్రం లోపల ఏం జరుగుతోందో మనకు కనపడదు. కనపడేది, వినపడేది, చేతికి తగిలేది పైభాగమే. మీటలు, లైట్లు, అంకెలు, కూతలు, పిడి, కాలితో తొక్కే పెడల్ - వీటన్నింటినీ కలిపి ఇంజనీర్లు యూజర్ ఇంటర్‌ఫేస్ అంటారు. నేను దాన్ని యంత్రం ముఖం అంటాను. మనిషి ముఖం చూసి మనసులో ఏముందో గ్రహించినట్టే, యంత్రం ముఖం చూసి అదేం చేస్తోందో గ్రహించాలి.

మంచి ముఖం ఎలా ఉండాలో తెలియాలంటే మన వంటింట్లోకి చూస్తే చాలు. ప్రెషర్ కుక్కర్ కూత వేస్తుంది. ఏ చదువూ చదవని అమ్మమ్మ కూడా హాల్లో కూర్చుని కూతలు లెక్కపెట్టి ‘పప్పు ఉడికింది, పొయ్యి కట్టెయ్’ అంటుంది. చూడక్కర్లేదు, చదవక్కర్లేదు, చేతిలో పని ఆపక్కర్లేదు. మూడు పిన్నుల ప్లగ్గు చూడండి. పైనున్న పిన్ను మిగతా రెండింటికన్నా లావుగా, పొడుగ్గా ఉంటుంది. చీకట్లో తడిమి పెట్టినా తలకిందులుగా దూరదు. పొరపాటు చేయాలన్నా చేయనివ్వదన్నమాట.

ఆపరేషన్ థియేటర్లోనూ ఇలాంటి మంచి ముఖాలు లేకపోలేదు. కరోనా రోజుల్లో వేలికి తగిలించుకున్న ఆక్సీమీటర్ మనందరికీ తెలుసు. థియేటర్లో మత్తు ఇచ్చాక రోగి వేలికి పెట్టేదీ అలాంటిదే. అక్కడ అది టిక్ టిక్ అంటూనే ఉంటుంది. రక్తంలో ఆక్సిజన్ తగ్గేకొద్దీ ఆ చప్పుడు శ్రుతి కూడా దిగిపోతుంది. డాక్టరు కళ్ళు కోత మీదే ఉన్నా చెవి పసిగడుతుంది. సంగీతం రానివాళ్ళకు కూడా ఆ తేడా తెలుస్తుంది.

రక్తనాళాలను కాల్చి రక్తం ఆపే కాటరీ యంత్రానికి రెండు కాలి పెడల్స్ ఉంటాయి. పసుపు రంగుది కోయడానికి, నీలం రంగుది రక్తం గడ్డకట్టించడానికి. కంపెనీ ఏదైనా రంగులు అవే. ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి బదిలీ అయినా డాక్టరు తికమకపడకుండా పెట్టుకున్న కట్టుబాటు ఇది. కానీ ఆ పెడల్స్ బల్ల కింద, గుడ్డల చాటున ఉంటాయి. రంగు చూసే వీలుండదు, కాలితో వెతుక్కోవాలి. రంగు పెట్టినవాళ్ళు కళ్ళ గురించి ఆలోచించారు గానీ కాలి గురించి ఆలోచించలేదు. ముఖాన్ని తీర్చడంలో ఉన్న చిక్కంతా ఇదే. వాడే మనిషి ఎక్కడ నిలబడతాడో, ఎటు చూస్తుంటాడో, ఏ చేయి ఖాళీగా ఉంటుందో తెలియకుండా బల్ల ముందు కూర్చుని గీస్తే కుదరదు.

ఎవరి చేతిని కొలిచారు?

కడుపు మీద చిన్న రంధ్రాలు చేసి గొట్టాలతో చేసే ఆపరేషన్లను లాప్రోస్కోపీ అంటారు. గర్భసంచి తీసివేయడం, పిత్తాశయం తీయడం, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ - అన్నీ ఈ పద్ధతిలో చేస్తున్నారు. కోత చిన్నది, త్వరగా ఇంటికి వెళ్ళొచ్చు. కూలి పనికి పోయే ఆడవాళ్ళకు ఇది నిజంగా వరమే. కానీ డాక్టరుకు ఈ పని ఎంత కష్టమో ఆలోచించండి. మూత చిల్లులోంచి పొడుగాటి గరిటె పెట్టి, గిన్నెలోకి చూడకుండా ఎదుటి టీవీలో చూస్తూ కూర కలపాలనుకోండి. చెయ్యి కుడికి తిప్పితే లోపల గరిటె కొస ఎడమకు పోతుంది. దానికి అలవాటు పడటానికే ఏళ్ళు పడుతుంది.

ఆ గరిటె పిడి కూడా చేతికి పట్టకపోతే? 2004లో అమెరికాలో 726 మంది లాప్రోస్కోపీ సర్జన్లను అడిగి ఒక పరిశీలన ప్రచురించారు. గ్లౌజు సైజు ఆరున్నర, అంతకంటే తక్కువ ఉన్నవారికి ఈ పరికరాలు వాడటం ఎక్కువ కష్టంగా ఉందని తేలింది. మామూలు పిడులు, కుట్లు వేసే స్టేప్లర్లు - అన్నిటిదీ అదే కథ. ఆరున్నర సైజు ఎవరిది? గాజుల షాపులో రెండుంపావు, రెండుంబావు అడిగే మనలాంటివాళ్ళదే. తెలంగాణలో కాన్పుల వార్డు అంటే లేడీ డాక్టర్లదే రాజ్యం. వాళ్ళ చేతిలో పెట్టే పరికరం మాత్రం పెద్ద మగ చేతి కొలతతో తయారైంది. సాయంత్రానికి ఆమె బొటనవేలు తిమ్మిరెక్కితే ‘ఆడవాళ్ళకు సర్జరీ సరిపడదు’ అనే మాట సిద్ధంగా ఉంటుంది. జాకెట్టు పట్టకపోతే తప్పు ఒంటిదా, కుట్టినవాడిదా?

ఇక రోబో సంగతి. హైదరాబాద్ నిమ్స్‌లో 2023లో రోబో సర్జరీ యంత్రం ప్రారంభించారు. డాక్టరు దూరంగా కూర్చుని, లోపలి భాగాలను పెద్దగా, లోతుతో సహా చూస్తూ, వేళ్ళు కదిపితే రోబో చేతులు కదులుతాయి. చెయ్యి వణికినా అది వణకదు. ఇక్కడ చేతి కొలత బాధ చాలావరకు తగ్గింది. కానీ ప్రపంచంలో ఎక్కువగా వాడుకలో ఉన్న డా విన్సీ రోబో 2000లో అమెరికాలో అనుమతి పొందినప్పటి నుంచి చాలా కాలం ఒక లోటుతోనే నడిచింది. దారం ఎంత బిగుతుగా లాగుతున్నామో, ఎంత గట్టిగా నొక్కుతున్నామో డాక్టరు చేతికి తెలిసేది కాదు. కంటితో చూసి అంచనా వేసుకోవాల్సిందే. చేతికి ఆ స్పర్శ తెలిసే కొత్త మోడల్ 2024లో గానీ రాలేదు. పిండి మెత్తగా కలిసిందో లేదో వేళ్ళకు తెలియకుండా ఇరవై ఏళ్ళు రొట్టెలు చేసినట్టు ఉంది కదూ! కోట్ల రూపాయల యంత్రానికే ఈ లోటు ఉంటే, తక్కువ ధరకు టెండరు పాడి తెచ్చే యంత్రాల సంగతి చెప్పేదేముంది?

తప్పు మనిషిది అనేయడం తేలిక

ఆసుపత్రిలో ఏదైనా అనర్థం జరిగితే మరునాడు పేపర్లో వచ్చే మాట ‘సిబ్బంది నిర్లక్ష్యం’. నర్సును సస్పెండ్ చేస్తారు, విషయం ముగిసిపోతుంది. నిర్లక్ష్యం ఉండదని నేననను. కానీ ప్రతిసారీ అదేనా?

దీనికి ప్రపంచమంతా పాఠంగా చెప్పుకునే కథ ఒకటుంది. అది సర్జరీ యంత్రం కాదు, కాన్సర్ రోగులకు రేడియేషన్ ఇచ్చేది. పేరు థెరాక్-25. కెనడా ప్రభుత్వ సంస్థ తయారుచేసింది. 1985-87 మధ్య ఆ యంత్రం అమెరికా, కెనడాలలో ఆరుగురు రోగులకు ఇవ్వాల్సిన దానికన్నా ఎన్నో రెట్లు రేడియేషన్ ఇచ్చింది. ప్రాణాలు పోయాయి.

1986 మార్చిలో టెక్సాస్‌లోని టైలర్ పట్టణంలో ఏం జరిగిందంటే, యంత్రం నడిపే ఆపరేటరు ఒక అక్షరం బదులు ఇంకో అక్షరం టైపు చేసింది. వెంటనే చూసుకుని వెనక్కి వెళ్ళి సరిచేసింది. తెర మీద సరైన అక్షరమే కనపడింది. చికిత్స మొదలుపెట్టగానే ‘మాల్‌ఫంక్షన్ 54’ అని వచ్చింది. అంటే ఏమిటి? యంత్రంతో ఇచ్చిన పుస్తకంలో అర్థమయ్యే వివరణ లేదు. అలాంటి సందేశాలు ఆ యంత్రం రోజూ బోలెడు ఇస్తూనే ఉండేది. కొనసాగించమని మీట నొక్కితే పని జరిగిపోయేది. ఆమె నొక్కింది. లోపల గదిలో రోగికి కాలినట్టు, షాకు కొట్టినట్టు అయింది. గదిలోకి చూపే కెమెరా, మాట వినిపించే సాధనం ఆ రోజు పనిచేయడం లేదు.

తమ యంత్రం అంత రేడియేషన్ ఇవ్వడం అసాధ్యం అన్నారు కంపెనీవాళ్ళు. కొన్ని వారాలకు అదే ఆసుపత్రిలో మళ్ళీ అలాగే జరిగింది. అప్పుడు ఆసుపత్రి భౌతికశాస్త్రవేత్త ఆ ఆపరేటరునే పక్కన కూర్చోబెట్టుకుని, ఆమె ఆ రోజు ఏ క్రమంలో ఏ మీటలు నొక్కిందో గుర్తు చేసుకోమన్నాడు. పదే పదే చేసి చూశారు. చివరికి దొరికింది. అలవాటైన చెయ్యి త్వరత్వరగా టైపు చేసి, కొన్ని సెకన్లలోనే దిద్దుబాటు చేస్తే యంత్రం ఆ దిద్దుబాటును అందుకోలేకపోతోంది! తెర ఒకటి చెబుతోంది, లోపల ఇంకోటి జరుగుతోంది. పని బాగా వచ్చిన మనిషి చేతిలోనే ఆ యంత్రం ప్రమాదకరం అయింది. నిదానంగా నొక్కి చూసే ఇంజనీరుకు ఆ లోపం జన్మలో దొరికేది కాదు.

ఈ కథలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఇదే. పెద్ద చదువుల కంపెనీకి తెలియని రహస్యం ఆ ఆపరేటరు వేళ్ళకు తెలుసు. ఎవరో ఒకరు ఆమెను అడిగారు కాబట్టి అది బయటపడింది. మన ఆసుపత్రుల్లో అలా అడిగేవాళ్ళు ఎవరు?

‘ఏది నిజం కూతో తెల్వదు’

మా ఆడబిడ్డ ఈ మూడు జిల్లాలలో ఒకచోట ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. ఊరి పేరు రాయొద్దంది, రాయను. పండక్కి వచ్చినప్పుడు ఈ విషయం కదిపితే ఆమె చెప్పిన మాటలు ఇవి.

‘వదినా, మిషను కూత పెట్టుడు మొదలుపెడితే ఎందుకు పెడ్తుందో చూసేలోపల పక్కది కూత పెడ్తది. వేలికున్న క్లిప్పు ఊడినా అదే కూత, మనిషి పానం మీదికి వచ్చినా అదే కూత. రాత్రి రెండింటికి ఒక్కదాన్నే ఉంట. ఉత్తగనే మొత్తుకునేదాన్ని ఎన్నిసార్లని నమ్మాలె? గొంతు నొక్కుతం. నొక్కినమని రేపు ఏమన్న అయితే మామీదికే వస్తది.’

‘నాన్నా పులి’ కథ మనం పిల్లలకు చెప్పినట్టే, ఆ యంత్రాలు తయారుచేసేవాళ్ళకూ ఎవరో చెప్పాలి. అవసరాన్ని బట్టి అలారాలకు వేర్వేరు రంగులు, వేర్వేరు చప్పుళ్ళు ఉండాలని అంతర్జాతీయ ప్రమాణాలున్నాయి. ప్రాణాపాయానికి ఎరుపు. కానీ ఒకే గదిలో నాలుగు కంపెనీల యంత్రాలు ఒకేసారి అరిస్తే ఆ నియమం ఏమవుతుంది? ఒక్కో యంత్రం దాని మటుకు అది సవ్యంగానే ఉండొచ్చు. నాలుగూ కలిస్తే సంత అవుతుంది.

ఆమె ఇంకో మాటా చెప్పింది. సూదిమందు గంటకు ఇంత అని ఎక్కించే పంపు ఉంటుంది. కొన్నింటి తెర మీద దశాంశ చుక్క చీమ తలకాయంత. చుక్క కనపడకపోతే ఒకటి కాస్తా పది అవుతుంది. ‘మసక లైట్ల కండ్లు చిట్లించుకోని చూస్త. నాకు నలభై దాటినయ్, ఇంక ఎన్నాళ్ళు కనపడ్తదో’ అని నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. చుక్కను కాస్త పెద్దది చేయడానికి ఎన్ని లక్షలు కావాలి?

పొరపాటును దూరనివ్వని తలుపులు

మత్తు యంత్రానికి ఆక్సిజన్, నైట్రస్ ఆక్సైడ్ అనే రెండు వాయువుల సిలిండర్లు బిగిస్తారు. మొదటిది ప్రాణం పోసేది, రెండోది మత్తులో ముంచేది. ఒకదాని బదులు ఇంకోటి బిగిస్తే మనిషి దక్కడు. అందుకే డెబ్భై ఏళ్ళ కిందటే ఒక ఉపాయం కనిపెట్టారు. ఒక్కో వాయువు సిలిండర్ మూతి దగ్గర రెండు చిన్న గుంతలు వేర్వేరు చోట్ల ఉంటాయి. యంత్రానికి ఉన్న పిన్నులు ఆ గుంతల్లోనే కూర్చుంటాయి. నీలి సిలిండర్ తెచ్చి ఆక్సిజన్ చోట పెట్టాలని బలవంతం చేసినా కూర్చోదు. మన ప్లగ్గు సూత్రమే.

మరి 2016 మేలో ఇండోర్ ప్రభుత్వ ఎం.వై. ఆసుపత్రిలో కొత్త థియేటర్లో ఇద్దరు పిల్లలకు ఆక్సిజన్ బదులు నైట్రస్ ఆక్సైడ్ అందింది. ఇద్దరూ చనిపోయారు. తప్పు సిలిండర్ మూతి దగ్గర కాదు, పైపులైను కలపడంలో జరిగింది. పిన్నులు కాపలా కాస్తున్నది ముందు తలుపు. పొరపాటు వెనక దారిన వచ్చింది. కొత్త భవనాలు, కొత్త పైపులు వేస్తున్న మన జిల్లాలకు ఇది దగ్గరి హెచ్చరిక. థియేటర్ ప్రారంభించే ముందు ప్రతి గొట్టంలోంచి వచ్చే వాయువు ఏదో పరీక్షించారా అని అడగడం రిబ్బన్ కత్తిరించడం కన్నా ముఖ్యం.

ఇంకొకటి చూడండి. పరికరాలను ఆవిరితో శుద్ధిచేసే ఆటోక్లేవ్ మన కుక్కరుకు పెద్దక్క లాంటిది. 121 డిగ్రీల వేడి, అంత ఒత్తిడి. పరికరాల మూట మీద ఒక టేపు అంటిస్తారు. వేడి తగిలితే దాని మీద గీతలు నల్లబడతాయి. గీతలు తెల్లగా ఉంటే మూట లోపల పెట్టనే లేదని అర్థం. లోపల సూక్ష్మజీవి ఒక్కటీ మిగల్లేదని ఆ టేపు హామీ ఇవ్వదు, దానికి వేరే పరీక్షలున్నాయి. కానీ శుద్ధిచేసిన మూటకూ చేయని మూటకూ తేడా ఆయాకు కూడా ఒక్క చూపులో తెలుస్తుంది. భాషతో పనిలేదు.

లాప్రోస్కోపు గొట్టానికి ఆ అదృష్టం లేదు. శిబిరాల్లో ఒక ఆపరేషన్‌కూ ఇంకో ఆపరేషన్‌కూ మధ్య దాన్ని మందు నీళ్ళలో 20 నిమిషాలు నానబెట్టాలి. ఇరవై నిమిషాలు నానిన గొట్టమూ, ఐదు నిమిషాలు నానిన గొట్టమూ ఒకేలా మెరుస్తాయి. ఏది ఏదో దాని ముఖం చెప్పదు. ఒక బృందం రోజుకు 30 మందికి మించి ఆ ఆపరేషన్లు చేయకూడదని, అందుకు మూడు లాప్రోస్కోపులుండాలని కేంద్ర నిబంధనలున్నాయి. అవి కాగితం మీద ఉన్నాయి, పరికరం మీద లేవు. 2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం ఆసుపత్రిలో ఒక్కరోజే 34 మంది స్త్రీలకు ఆ ఆపరేషన్లు చేశారు. నలుగురు చనిపోయారు. ఇన్‌ఫెక్షన్ సోకినట్టు తేలింది. పసిపిల్లల తల్లులు. చిన్న ఆపరేషన్ అని ధైర్యం చెప్పి పంపితే వెళ్ళినవాళ్ళు. ఆ మరణాలకు పరికరం ముఖమే కారణమని నేను అనడం లేదు. క్యూ కట్టించి టార్గెట్ల కింద ఆపరేషన్లు చేసే పద్ధతిలో ఎన్నో తప్పులుంటాయి. 2016లో సుప్రీంకోర్టే ఇలాంటి శిబిరాలను మూడేళ్ళలో ఆపేయాలంది. నేననేది ఒక్కటే. తొందరపెట్టే చోట, జాగ్రత్తను మనిషి జ్ఞాపకానికి వదిలేయకూడదు. ‘ఇంకా టైము కాలేదు’ అని పరికరమే చెప్పాలి. తాళం తీయకుండా ఆపాలి. గడియారం పెట్టిన ఒక డబ్బా చేయలేని పని కాదిది.

కాగితం కూడా ముఖమే అవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఆపరేషన్‌కు ముందూ వెనకా చదవాల్సిన ఒక పేజీ జాబితా తయారుచేసింది. రోగి పేరు, ఏ ఆపరేషన్, ఆక్సీమీటర్ పనిచేస్తోందా, చివర్లో దూదులు, సూదులు, కత్తెర్ల లెక్క సరిపోయిందా - ఇలా 19 అంశాలు. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో వాడి చూస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో ప్రచురించారు. ఆ జాబితాలో గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ తమ పేరు, తమ పని చెప్పుకోవాలనే నియమం కూడా ఉంది. పేరు చెప్పుకున్న చిన్న నర్సుకు ‘సార్, ఒక దూది తక్కువుంది’ అనే ధైర్యం వస్తుందని దాని వెనకున్న ఆలోచన. తలవంచుకుని అందించడమే పని అనుకునే చోట ఈ ఒక్క వాక్యం ఎంత విలువైనదో మనకు తెలుసు.

డాక్టర్లే లేకపోతే మీటలెందుకంటారా?

ఇక్కడ ఒక ప్రశ్న న్యాయంగానే వస్తుంది. చాలినంతమంది డాక్టర్లు, నర్సులు లేక ప్రభుత్వ ఆసుపత్రులు అవస్థపడుతుంటే మీటల గోల ఏమిటి అని. నా సమాధానం తిరగేసి చెబుతాను. మనుషులు తక్కువున్న చోటే యంత్రం ముఖం తేటగా ఉండాలి. హైదరాబాదులో పెద్ద కార్పొరేట్ ఆసుపత్రికి కొత్త యంత్రం వస్తే కంపెనీ మనిషి వెంటే తిరుగుతాడు. అచ్చంపేటలోనో, అలంపూర్‌లోనో అర్ధరాత్రి ఒక నర్సు, ఒక వార్డుబాయ్ ఉంటారు. సిలిండర్ మార్చేది ఆ వార్డుబాయ్. యంత్రం మీద రాసి ఉన్నదంతా ఇంగ్లీషు. డాక్టరు చదివేది డాక్టరు చదవనీ. సిలిండర్ మార్చేవాళ్ళు, పరికరాలు కడిగేవాళ్ళు, స్ట్రెచర్ నెట్టేవాళ్ళు చేసే పనుల దగ్గరైనా తెలుగు ముక్కలు, బొమ్మలు ఎందుకుండకూడదు? ఎరువుల బస్తా మీద తెలుగు ఉంటుంది గానీ ప్రాణం నిలిపే యంత్రం మీద ఉండదు.

అందుకే అడగాల్సినవి నాలుగు. ఒకటి, యంత్రాలు కొనేముందు ధరతో పాటు వాడేవాళ్ళ మాటకూ మార్కులుండాలి. ఒక వారం గద్వాల థియేటర్లో పెట్టి, అక్కడి నర్సులు, టెక్నీషియన్లు, చిన్న చేతుల లేడీ డాక్టర్లు వాడి చూసి చెప్పాలి. రెండు, ఒక గదిలో పెట్టే యంత్రాల మీటలు, అలారాలు ఒకదానితో ఒకటి పొసిగేవి అయ్యుండాలి. మూడు, ఏదైనా జరిగితే మనిషిని విచారించిన రోజే యంత్రాన్నీ విచారించాలి. పరికరాల వల్ల జరిగే అనర్థాలను నమోదు చేయడానికి దేశంలో 2015 నుంచి మెటీరియోవిజిలెన్స్ అనే కార్యక్రమం ఉంది. డాక్టర్లే కాదు, నర్సులు, రోగులు కూడా దానికి తెలియజేయవచ్చు. ఆ సంగతి ప్రతి వార్డు గోడ మీదా తెలుగులో రాసి ఉండాలి. నాలుగు, తయారీదారులు ఇక్కడికి రావాలి. సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్‌లో వైద్య పరికరాల పార్కు ఉంది. విశాఖలో మెడ్‌టెక్ జోన్ ఉంది. కేంద్రం 2023లో వైద్య పరికరాల విధానం కూడా ప్రకటించింది. పరికరాన్ని వాడేవాళ్ళతో పరీక్షించి చూడాలని చెప్పే ఐఈసీ 62366 అనే అంతర్జాతీయ ప్రమాణం 2007 నుంచే ఉంది. ఆ పరీక్ష బెంగళూరు ఏసీ గదిలో కాక, కరెంటు పోయి జనరేటర్ అందుకునే నాగర్‌కర్నూల్ రాత్రిలో జరగాలి. వనపర్తి రాజావారి ప్యాలెస్‌లో నడిచే పాలిటెక్నిక్ పిల్లలకు, మెడికల్ కాలేజీ పిల్లలకు కలిపి ఇలాంటి ఒక ప్రాజెక్టు ఇస్తే, ముందు ఆ దశాంశ చుక్క సంగతైనా తేలుస్తారు.

ఇది మన నేలకు కొత్త విద్యేం కాదు. గద్వాల చీర నేసే మగ్గం చూసిన వాళ్ళకు తెలుసు. నేసే మనిషి కాళ్ళు అందేలా గుంట తవ్వుతారు. చెయ్యి చాపితే నాడె దొరకాలి. నూలు ఒళ్ళు, పట్టు అంచు వేరువేరు దారాలైనా విడిపోకుండా కలిపేది ఆ అమరికే. చీర నేసే పనిముట్టుకు మనిషి కొలత తీసుకున్నవాళ్ళం, కడుపు కోసే పనిముట్టుకు తీసుకోకపోవడం ఏమిటి?

మీ ఇంట్లోనో, వీధిలోనో ఒక నర్సు, ఒక థియేటర్ టెక్నీషియన్ ఉండే ఉంటారు. ఈసారి కలిసినప్పుడు జీతమెంత, డ్యూటీ ఎప్పుడని కాక, ‘నీ మిషను నీకు ఎక్కడ ఇబ్బంది పెడుతోంది?’ అని అడగండి. చెప్పింది రాసి ఆసుపత్రి సూపరింటెండెంటుకు ఇవ్వమనండి. ఇవ్వడానికి జంకితే మీ మహిళా సంఘం పేరుతో మీరే ఇవ్వండి. ఆ మీట ఆమె నొక్కుతుంది. బల్ల మీద ఉండేది మనమో, మన ఆడపిల్లో.